గడ్డం పెట్ట చెప్పిన తేదీలు: జార్జియాలో ఒక అడవి టర్కీ కేస్ స్టడీ

2023 మే 9న, నేను ఇచ్చిన తేదీకి బయల్దేరిన ట్రాక్టర్ కింద ఒక అడవి టర్కీ కోడి గూడు నలిగిపోయింది. పదకొండు గుడ్లు. అంతకు ముందు పన్నెండేళ్ళుగా జనానికి వాళ్ళ పొలాల్లో, పైన్ తోటల్లో ఏ పని ఎప్పుడు చేసుకోవాలో చెప్పడమే నా వృత్తి. కాబట్టి తప్పు నడిపినవాడిది కాదు, పొలం యజమానిదీ కాదు, నాదే. ఆ గూడు దగ్గర మొదలై మరుసటి ఏడాది నవంబర్ దాకా ఏం చూశామో, ఏం మార్చామో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అమెరికాలో కాస్త భూమి కొనుక్కున్న మనవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, వాళ్ళలో ఒకరిద్దరికైనా ఇది ట్రాక్టర్ తాళం తీసేముందు గుర్తొస్తే చాలనిపించింది.

స్థలం గురించి రెండు ముక్కలు. అట్లాంటాకి దక్షిణంగా, మధ్య జార్జియాలో 140 ఎకరాలు. తొంభై ఎకరాల దాకా లాబ్లాలీ పైన్, వాగు వెంబడి ఓక్ చెట్లు, మధ్యలో ఒకప్పుడు గడ్డి కోసి బేళ్ళు కట్టిన పాతిక ఎకరాల ఖాళీ పొలం. కొన్నది తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతికేళ్ళుగా ఉంటున్న ఒకాయన, ఇద్దరు స్నేహితులతో కలిసి. ఆయన్ని నేను అన్నా అంటాను, ఆయన నన్ను తమ్ముడూ అంటారు. పేర్లు అవసరం లేదు.

ఆ ఏడాది మే మొదటి వారంలో అన్న ఫోన్ చేశారు. పొలంలో గడ్డి నడుం ఎత్తుకి వచ్చేసింది, బ్లాక్‌బెర్రీ ముళ్ళు అంచుల నుంచి లోపలికి పాకుతున్నాయి, ఒకసారి కోయిస్తే బాగుంటుంది అని. "తమ్ముడూ, టర్కీ పుంజుల అరుపులు కూడా ఆగిపోయినయ్ కదా, వాటి సీజన్ అయిపోయినట్టేగా?" అన్నారు. నేను కూడా ఆ వారం రెండు పొద్దులు అక్కడ నిలబడి విన్నాను. మార్చి ఆఖర్లో ఒకే చెట్టు మీంచి పది పదిహేనుసార్లు గాబుల్ కొట్టిన పుంజు, ఇప్పుడు ఒకటి రెండుసార్లు కూసి ఊరుకుంటోంది. "అయిపోయినట్టే అన్నా, కోయించేయండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

ట్రాక్టర్ వెనక మోవర్ కట్టుకుని నడుపుతున్న అతనికి పెట్ట కనిపించింది బ్లేడ్లు దాని మీదికి వచ్చేశాకే. చివరి క్షణంలో లేచి ఎగిరిందట, తోక ఈకలు నాలుగు అక్కడే పడి ఉన్నాయి. నేను వెళ్ళేసరికి సాయంత్రం అయిదు. గూడు అంటే మనం ఊహించుకునే పుల్లల గూడు కాదు. అరచేతి లోతు గుంట, దాంట్లో ఎండిన గడ్డీ నాలుగు ఆకులూ, అంతే. గుడ్లు మీగడ రంగు మీద గోధుమ రంగు చుక్కలతో ఉంటాయి, కోడిగుడ్డు కన్నా బాగా పెద్దవి. మూడు మాత్రం చెక్కు చెదరకుండా ఉన్నాయి, కానీ చల్లబడిపోయాయి. పగిలినవాటిల్లో ఒకదాన్ని వంగి చూశాను. లోపల పిల్ల సగం తయారై ఉంది: కన్ను నల్లగా పెద్దగా, ముక్కు రూపం తెలుస్తోంది, వీపు మీద తడిసిన నూగు. ఈగలు వాలుతున్నాయి. ఏదీ కదిలించకుండా అక్కడే వదిలేసి, కారులో కూర్చుని వెనక్కి లెక్క కట్టాను. ఆ లెక్క వారం ముందు, ఫోన్‌లో కట్టాల్సింది.

లెక్క ఇదీ. టర్కీ పెట్ట గుడ్డు పెట్టిన రోజు నుంచే పొదగదు. సుమారు రోజుకొకటి చొప్పున పెట్టుకుంటూ పోయి, మధ్యలో ఒకటో రెండో రోజులు తప్పిపోతూ, పది పన్నెండు గుడ్లు అయ్యాక అప్పుడు కూర్చుంటుంది. కూర్చున్నాక సుమారు 28 రోజులు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. అందరి కంటే ముందు పెట్టిన గుడ్డూ, చివర పెట్టిన గుడ్డూ ఒకే రోజు పగలడానికి కారణం అదే. ఆ గుడ్డులో పిల్లకి నా అంచనాలో పదిహేను రోజులు. మే 9 నుంచి పదిహేను వెనక్కి వెళ్తే ఏప్రిల్ 24, ఆ రోజు కూర్చుంది. పదకొండు గుడ్లకి పన్నెండు పదమూడు రోజులు వేసుకుంటే మొదటి గుడ్డు ఏప్రిల్ 11 లేదా 12. జత కట్టింది అంతకు ముందే. ముందుకి లెక్కేస్తే మే 22 ప్రాంతంలో పిల్లలు బయటికి వచ్చి ఉండేవి. అంటే పుంజు అరుపు తగ్గిందని నేను సీజన్ ముగిసిందనుకున్న వారం, పెట్టకి సరిగ్గా నడిమధ్య వారం.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ పొరపాటు నా ఒక్కడిదే కాదు, ఇక్కడ పుట్టి పెరిగిన రైతులు కూడా చేస్తారు. గాబుల్ అనేది పుంజు కబురు. తను ఎక్కడున్నాడో, పక్కన పెట్టలు ఉన్నాయో లేదో, మొన్నటి నుంచి వేటగాళ్ళు ఎంతమంది తిరిగారో, వీటన్నిటి మీద అది పెరుగుతుంది, తరుగుతుంది. పెట్టలు పక్కనే ఉన్న పుంజు నోరు మూసుకుని తోక విప్పి తిరుగుతాడు, అరవాల్సిన పని లేదు కాబట్టి. పెట్టలు ఒక్కొక్కటే గూళ్ళలో కూర్చుండిపోయాక ఒంటరైన పుంజు మళ్ళీ గొంతెత్తొచ్చు, వేట ఒత్తిడి ఎక్కువున్న చోట ఎత్తకపోనూ వచ్చు. దాన్ని బట్టి పెట్ట గూట్లో ఏ రోజున ఉందో చెప్పబోవడం, బయట డప్పు వినిపించట్లేదు కాబట్టి ఇంట్లో పెళ్ళి అయిపోయిందనుకోవడం లాంటిది.

మరి పెట్టకి రోజు ఎవరు చెప్తారు? పగటి వెలుగు. తణుకు వైపు గుడ్ల ఫారాలు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది: షెడ్లలో లైట్లు వేసి రోజుకి పదహారు గంటల వెలుగు ఇస్తారు, పెట్టలు గుడ్లకి రావడానికీ, ఆపకుండా పెట్టడానికీ. పక్షికి వెలుగు కంటి నుంచే తెలియాలని లేదు, పుర్రె దాటి మెదడు లోపలికి చేరే వెలుగుని పసిగట్టే కణాలు కూడా ఉంటాయి. వెలుగు గంటలు పెరుగుతున్నకొద్దీ లోపల హార్మోన్లు కదులుతాయి, పుంజుకి వృషణాలు పెరుగుతాయి, పెట్టకి అండాలు తయారవడం మొదలవుతుంది. మన ఆంధ్రాలో ఏడాదిలో అతి పొడవైన పగలుకీ అతి చిన్న పగలుకీ తేడా సుమారు రెండు గంటలే. మధ్య జార్జియాలో అది నాలుగు గంటలు దాటుతుంది, డిసెంబర్‌లో పది గంటల పగలు జూన్‌కి పద్నాలుగు పైన అవుతుంది. అందుకే ఒక ఏడాది ఫిబ్రవరి వెచ్చగా ఉన్నంత మాత్రాన టర్కీ క్యాలెండర్ నెల ముందుకి జరిగిపోదు. చలి, వానలు కొన్ని రోజులు అటూ ఇటూ లాగుతాయి, పునాది మాత్రం వెలుగుదే. దానివల్ల మాకొక పెద్ద సౌకర్యం ఉంది: ఒక ఏడాది తేదీలు సరిగ్గా పట్టుకుంటే మరుసటి ఏడాది అదే పొలంలో వాటికి బాగా దగ్గరగానే ఉంటాయి.

జత కట్టడం గురించి ఒక విషయం. పుంజుల్లో పెత్తనం ఉంటుంది, ఎక్కువ జతలు కట్టేది ఆ పెత్తందారు పుంజే. పెట్ట పుంజుతో కాపురం పెట్టదు. గూడు వెతుక్కోవడం, పొదగడం, పిల్లల్ని తిప్పడం అన్నీ తనొక్కతే. అంతేకాదు, ఒకసారి కలిసిన తరవాత పుంజు బీజాన్ని పెట్ట తన ఒంట్లో సన్నటి గొట్టాల్లో వారాల తరబడి బతికుండేలా దాచుకోగలదు. రోజూ కలవకపోయినా గుడ్లు గొడ్డుపోవు. పెట్టలు జత కట్టి గుడ్లకి రాకముందే ఆ పెద్ద పుంజుని కాల్చేస్తే మంద పొందిక దెబ్బతింటుందన్న ఆలోచనతోనే మా జార్జియా 2022లో వేట మొదలయ్యే తేదీని ఆలస్యం చేసింది. ఇంతకు ముందు మార్చి మూడో వారంలో మొదలయ్యేది, ఆ మార్పుతో ప్రైవేటు భూముల్లో ఏప్రిల్ 1కి దగ్గరి శనివారం అయింది. సీజన్‌కి మూడు పుంజుల పరిమితి కూడా రెండుకి తగ్గింది. 1973లో ఈ రాష్ట్రం మొత్తంలో టర్కీలు 17 వేలు మాత్రమే ఉండేవి. ఉన్నచోట మందు పేలుడుతో వలలు విసిరి పట్టి, లేనిచోట వదిలి, మందల్ని మళ్ళీ లక్షల్లోకి తెచ్చారు. అలా వచ్చిన పక్షి ఇప్పుడు అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చాలాచోట్ల పిల్లల లెక్కలో వెనకబడుతోంది, మా అందరి బెంగా అదే.

2024కి వద్దాం. జనవరిలో అన్నా నేనూ పొలం గట్టు మీద నిలబడి ప్లాన్ వేసుకున్నాం. పోయినేడు మే 22కి పిల్లలు రావాల్సింది, పిల్లలు మొదటి రెండు వారాలు నేల మీదే అమ్మ రెక్కల కింద పడుకుంటాయి, తరవాతే చెట్టెక్కుతాయి. కాబట్టి జూన్ 5 దాకా వాటిని వదిలేసి, ఇంకో పది రోజులు ఎక్కువే వేసుకుని, జూన్ 15న కోయిద్దామని రాసుకున్నాం. నాకు అది చాలా జాగ్రత్తైన తేదీ అనిపించింది. కోత మనిషికి అన్న అడ్వాన్స్ కూడా ఇచ్చేశారు.

ఫిబ్రవరిలో, పర్మిట్ తీసుకుని పైన్‌లో ముప్ఫై ఎకరాల ముక్కకి కంట్రోల్డ్ బర్న్, అంటే కావాలని అదుపులో పెట్టే మంట, పెట్టాం. మిగిలిన ముక్కలు ఒకటి పోయినేడు కాలింది, ఒకటి రెండేళ్ళ కిందట. అలా ముక్కలు ముక్కలుగా వయసు తేడాతో ఉంటే పెట్టకి గూటికి కావాల్సిన గుబురూ, పిల్లల్ని తిప్పడానికి కావాల్సిన పల్చటి కొత్త మొలకలూ దగ్గర దగ్గర్లో దొరుకుతాయి. పాత దారుల మీద అయిదు ట్రైల్ కెమెరాలు కట్టాం, ఏదైనా ముందు కదిలితే వాటంతటవే ఫోటో తీసేవి. గూళ్ళ కోసం ఎవరూ వెతక్కూడదని గట్టిగా అనుకున్నాం. గుడ్లు పెట్టే రోజుల్లో, పొదుగు మొదటి రోజుల్లో పెట్టని లేపితే గూడు వదిలేసి పోవడం మామూలు.

ఫిబ్రవరి ఫోటోల్లోనే అది కనిపించింది. తొమ్మిది పెట్టల గుంపు, అందులో ఒకదానికి రొమ్ము మీద నుంచి బెత్తెడు పొడవు నల్లటి కుచ్చు వేలాడుతోంది. దీన్ని గడ్డం అంటాం, పుంజులకే ఉంటుందనుకుంటారు కానీ పదింట ఒక పెట్టకి కూడా వస్తుంది. తల నీలిబూడిద రంగు, ఒంటి ఈకలకి గోధుమ రంగు అంచులు, ఒళ్ళు సన్నం, అనుమానం లేదు, పెట్టే. ఒంటి మీద ట్రాన్స్‌మిటర్ లేకుండా ఒక పెట్టని రోజూ గుర్తుపట్టే అవకాశం మాలాంటివాళ్ళకి ఎప్పుడోగానీ రాదు. అన్న దానికి గడ్డం పెట్ట అని పేరు పెట్టేశారు.

మార్చి అంతా పెట్టలు గుంపుగానే తిరిగాయి, రెండు పుంజులు వాటి వెంట ఒళ్ళు ఉబ్బించుకుని, రెక్కలు నేలకి రాస్తూ. ఏప్రిల్ 9 దాకా గడ్డం పెట్ట మధ్యాహ్నాలు కూడా గుంపుతోనే ఉంది. ఏప్రిల్ 10 నుంచి మారింది. పొద్దున్నే గుంపుతో కనిపించేది, పదకొండు దాటాక ఒక్కతే వాగు వైపు దారిలో, తల కిందికి పెట్టి, ఎక్కడా మేతకి ఆగకుండా. గంటో గంటన్నరో తరవాత మళ్ళీ అదే దారిలో వెనక్కి. గుడ్డు పెట్టడానికి వెళ్ళే పెట్ట నడక అదే. మొదట్లో గూటి దగ్గర కొంచెంసేపే ఉంటుంది, లేచేముందు ఆకులు లాగి గుడ్ల మీద కప్పుతుంది. రోజులు గడిచేకొద్దీ ఎక్కువసేపు కూర్చుంటుంది. మా కెమెరాలో కూడా ఏప్రిల్ 18 నాటికి వెళ్ళడానికీ రావడానికీ మధ్య మూడు గంటలు దాటింది.

ఏప్రిల్ 23న పొద్దున గుంపులో ఎనిమిదే ఉన్నాయి. గడ్డం పెట్ట లేదు. 24నా లేదు. 24న మధ్యాహ్నం 3:40కి ఒక్కతే దారి మీద ప్రత్యక్షమైంది, ఆకలిగొన్నదానిలా గబగబా ఏరుకు తింటూ, దుమ్ములో ఒకసారి పొర్లి, ముప్పావు గంటలో వెళ్ళిపోయింది. అది కదిలాక ఆ చోటికి వెళ్ళి చూస్తే రెట్ట నిమ్మకాయంత ముద్ద. ఇళ్ళల్లో పొదుగు కోడిని పెంచినవాళ్ళకి ఇది తెలుసు, రోజంతా బిగబట్టుకుని ఒక్కసారి లేచినప్పుడు వేస్తుంది, వాసన కూడా భరించలేం. ఆ ముద్ద చూసి నేను పొందిన సంతోషం చెప్పలేను. ఏప్రిల్ 22 లేదా 23న కూర్చుంది. పోయినేడు మరో పెట్ట కూర్చున్నది ఏప్రిల్ 24. రెండేళ్ళు, రెండు పెట్టలు, తేడా ఒకటి రెండు రోజులు.

పిల్లలు రావాల్సిన రోజు మే 20 అని డైరీలో గుండ్రం చుట్టాను.

మే 2 పొద్దున్న ఏడింటికి గడ్డం పెట్ట ఇంకో రెండు పెట్టలతో కలిసి నింపాదిగా మేస్తూ ఫోటోలో పడింది. పదకొండుకీ ఉంది. సాయంత్రమూ ఉంది. చూడగానే నాకు గుండె జారింది. పొదిగే పెట్ట రోజంతా బయట ఉండదు. ఇంకో రెండు రోజులు చూసి, 5న వెళ్ళాం. దారికి పద్నాలుగు అడుగుల దూరంలో, విరిగిపడిన పైన్ కొమ్మ కింద గూడు. పెంకు ముక్కలు గూట్లోనూ, చుట్టూ నాలుగు గజాల్లోనూ, కనీసం ఎనిమిది గుడ్లవి. ఆకులకి ఎండిన పచ్చసొన అంటుకుని ఉంది. పక్క తడిమట్టిలో రకూన్ పాదాలు, చిన్న పిల్లాడి చెయ్యి అచ్చు పడినట్టు. రకూనే తిన్నదని రాయాలని ఉంది కానీ రాయను. పెంకుల్ని చూసి దొంగ ఎవరో ఖాయంగా చెప్పలేం, ఒకటి తిని వదిలిన చోటికి ఇంకోటి వచ్చి పోతుంది. పాములు, పోసమ్‌లు, కంపు చిమ్మే స్కంక్‌లు, కాకులు, కయోటీలు, బాబ్‌క్యాట్‌లు, అన్నిటికీ ఈ గుడ్లు కావాలి. దక్షిణాదిలో అయిదు గూళ్ళలో నాలుగు దాకా పోవడం మామూలు లెక్క. ఖాయంగా చెప్పగలిగింది ఒకటే, గూడు దారి అంచున ఉంది, ఆ దారి అంచుని మార్చిలో శుభ్రంగా కోయించింది మేమే, రాత్రి తిరిగే జంతువులకి అలాంటి చక్కటి అంచే రోడ్డు.

అన్న ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. ఇంటికి వెళ్ళేదారిలో మాత్రం "అయితే ఈ ఏడాదికి దాని పని అంతేనా తమ్ముడూ?" అని అడిగారు.

అంతే కాదు, ఆ సంగతి నాకు తెలుసు, కానీ ప్లాన్‌లో దానికి చోటు పెట్టలేదు. గుడ్లు పెట్టే దశలోనో, పొదుగు తొలి రోజుల్లోనో గూడు పోతే చాలా పెట్టలు మళ్ళీ ప్రయత్నిస్తాయి. పొదుగు ఎంత ముదిరాక పోతే మళ్ళీ గూటికొచ్చే అవకాశం అంత తగ్గుతుంది. దీనికి పోయింది పదో రోజు లోపే. మే 8న, 9న గడ్డం పెట్ట పుంజు పక్కన కనిపించింది. మే 17 నుంచి మళ్ళీ ఆ నడక: పదకొండు దాటాక ఒక్కతే, తల కిందికి పెట్టి. ఈసారి వాగు వైపు కాదు. పాతిక ఎకరాల పొలం లోపలికి. మేం కోయబోయే గడ్డిలోకి.

మే 27 పొద్దున నుంచి గుంపులో లేదు. వేళ్ళ మీద లెక్కపెట్టాను: మే 17 నుంచి పది రోజులు, ఎనిమిదో తొమ్మిదో గుడ్లు, రెండోసారి గుడ్లు తక్కువే ఉంటాయి. 27కి 28 కలిపితే జూన్ 24. మా కోత జూన్ 15. పోయినేడు పదిహేనో రోజున కోసి చంపాం, ఈసారి పందొమ్మిదో రోజున కోసి చంపబోతున్నాం, అదీ ఏడాదంతా జాగ్రత్త పడి.

అన్నకి ఫోన్ చేశాను. కోత మనిషికి డబ్బు ఇచ్చేశారు, జూలై 4 సెలవుకి మూడు కుటుంబాలు పిల్లలతో పొలానికి రావాలనుకున్నారు, నడుం ఎత్తు గడ్డిలో పాములని ఆడవాళ్ళ భయం. ఆ భయం తీసిపారేసేది కాదు, ఇక్కడ కాపర్‌హెడ్‌లనే విషపు పాములు ఉన్నాయి. ఆయన వెంటనే సరే అనలేదు. అప్పుడు వాళ్ళమ్మగారు తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలు ఉందామని ఇక్కడే ఉన్నారు, ఫోన్ స్పీకర్‌లో ఉండటంతో ఆవిడ మధ్యలో అందుకున్నారు.

"ఎన్నాళ్ళు పొదుగుద్ది బాబూ అది?"

"ఇరవై ఎనిమిది రోజులండీ అమ్మా."

"కోడికి ఇరవై ఒకటి. బాతుకి ఇరవై ఎనిమిది. అయితే ఇది బాతు లెక్కే. పొదుగు మీదున్న పెట్టని లేపితే పాపంరా అబ్బాయ్, జూలైకి పిల్లలు ఇంటి ముందర ఆడుకుంటారులే."

ఇంటి చుట్టూ అరెకరం మాత్రం కోయించి, మిగతాది ఆపేశారు. అడ్వాన్స్ ఆగస్టుకి మార్పించుకున్నారు.

జూన్ నెలలో మేం చేసిందల్లా పొలంలోకి వెళ్ళకపోవడమే. గడ్డం పెట్ట రోజుకోసారి, కొన్ని రోజులు అసలు లేకుండా, పొలం అంచు కెమెరాలో కనిపించేది. జూన్ 11న పెద్ద వాన. తడిసిన పెట్ట వాసన ఎక్కువగా వస్తుందనీ, వాన రోజుల్లో గూళ్ళు ఎక్కువ పోతాయనీ మా రంగంలో ఒక నమ్మకం ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. 12 మధ్యాహ్నం రెండింటికి ఒళ్ళంతా ఈకలు ముద్దకట్టి కనిపించింది, అరగంటలో వెళ్ళిపోయింది. ఉందన్నమాట.

చివరి ఒంటరి ఫోటో జూన్ 23. పగిలేముందు రోజు గుడ్ల లోపల నుంచే పిల్లలు కిచకిచమంటాయి, పెట్ట సన్నగా బదులిస్తుంది, అమ్మ గొంతు వాటికి అక్కడే అలవాటవుతుంది. ఆ సమయంలో పెట్ట లేవదు. జూన్ 25 ఉదయం 9:10కి ఫోటో: దారి మీద గడ్డం పెట్ట, మెడ నిటారుగా, కాళ్ళ చుట్టూ పసుపు గోధుమ రంగు ఉండలు. ఏడు లెక్కపెట్టగలిగాను, ఎనిమిదోది గడ్డిలో తోకో ఆకో తేలలేదు. అన్నకి పంపితే, ఒకే ఒక్క జవాబు వచ్చింది, వాళ్ళమ్మగారి గొంతుతో వాయిస్ మెసేజ్: "బాతు లెక్క తప్పలేదు చూశావా!"

నాలుగు రోజులాగి గూడు చూశాం. పొలం అంచు నుంచి అరవై అడుగులు లోపల, పోయినేడు కోయకుండా మిగిలిపోయిన ఎండు గడ్డి దుబ్బు మొదట్లో. పిల్ల పొడుచుకుని బయటపడిన గుడ్డుకీ జంతువు పగలగొట్టిన గుడ్డుకీ తేడా ఒకసారి చూస్తే మర్చిపోరు. లావు వైపు చుట్టూ గీసినట్టు కత్తిరించుకుని, మూత టోపీలా విడిపోయి ఉంటుంది, లోపలి పొర కాగితంలా ఎండి ఉంటుంది. అలాంటివి ఎనిమిది. ఒకటి పగలకుండా, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, మురిగిపోయిన గుడ్డు.

పిల్లలకి మొదటి రెండు వారాలు పురుగులే బతుకు. ఒళ్ళు పెరగడానికి, ఈకలు రావడానికి మాంసకృత్తులు కావాలి, గింజలు పనికిరావు. మిడతలు, చిమ్మెటల పిల్లలు, పేడపురుగులు. పిల్ల తల దూర్చి నడవగలిగేంత పల్చగా ఉండి, పైన గద్ద కంటికి కనబడనంత ఆకు కప్పు ఉండాలి. ఫిబ్రవరిలో కాల్చిన ముప్ఫై ఎకరాల ముక్కలో జూన్ నాటికి సరిగ్గా అలాంటి రాగ్‌వీడ్, చిక్కుడు జాతి మొక్కలు వచ్చాయి, పిల్లల్ని రెండో రోజే అటు నడిపించుకుపోయింది. దట్టంగా చాపలా పరుచుకునే బర్ముడా గడ్డిలో ఆ పిల్లలు నాలుగడుగులు వెయ్యలేవు. మనకి చూడముచ్చటగా కనిపించే పచ్చిక వాటికి గోడ.

జూలై 8 సాయంత్రం అన్నా నేనూ దూరంగా ట్రక్‌లో కూర్చుని బైనాక్యులర్స్‌తో చూశాం. పొద్దు వాలుతుండగా గడ్డం పెట్ట ఓక్ చెట్టు కింది కొమ్మకి ఎగిరింది. కింద పిల్లలు మెడలు చాచి చూస్తూ అటూ ఇటూ పరుగెత్తాయి. ఒకటి ఎగిరి, కొమ్మ అందక జారి పడింది, మళ్ళీ ఎగిరింది. చివరికి నాలుగు అమ్మకి రెండు వైపులా సర్దుకున్నాయి, ఆవిడ రెక్కలు కొద్దిగా తెరిచి లోపలికి లాక్కుంది. ఎనిమిదిలో నాలుగు. రెండు వారాల్లో సగం పోవడం ఈ పక్షికి మామూలే, ఇంకా ఎక్కువ పోతాయి కూడా. పెట్టకి సగటున రెండు పిల్లలు ఎదిగొస్తే మంద నిలబడుతుందని మేం వాడే మోటు లెక్క.

ఈ కేసు పరిమితులు కూడా చెప్పాలి. గుర్తుపట్టగలిగింది ఒకే పెట్టని. మిగతా ఎనిమిది ఎప్పుడు కూర్చున్నాయో నాకు తెలిసే దారి లేదు. జూలైలో పిల్లలతో కనిపించింది ఇంకొక్క పెట్టే, దాని పిల్లలు అప్పటికే కోడిపుంజంత ఉన్నాయి, అంటే మొదటి గూడే నిలిచిందన్నమాట. కెమెరాలు దారుల మీదే ఉన్నాయి, అడవి లోపల జరిగింది కనిపించదు. ఉత్తరాన పెన్సిల్వేనియా వైపు, మిషిగన్ వైపు తేదీలు మా కంటే ఆలస్యంగా ఉంటాయి, ఇవే తేదీలు అక్కడ వాడితే తప్పు. వాడాల్సింది లెక్క కట్టే పద్ధతి: మీ ప్రాంతంలో మొదటి గుడ్డు తేదీ తెలుసుకుని, గుడ్లకి రెండు వారాలు, పొదుగుకి నాలుగు, పిల్లలు చెట్టెక్కడానికి రెండు కలపండి, ఆ పైన ఒక గూడు పోయి మళ్ళీ మొదలుపెట్టినట్టు ఇంకో ఆరు వారాలు వేసుకోండి. మా చోట ఆ మొత్తం ఏప్రిల్ రెండో వారం నుంచి జూలై మూడో వారం దాకా వస్తుంది. ఇందులో ఎక్కడ కోసినా ఏదో ఒక పెట్ట నెత్తిన కోసినట్టే.

ఆగస్టు 20న మోవర్ పొలంలోకి వెళ్ళింది. పన్నెండు ఎకరాలే కోశాం, గూడు నిలిచిన వైపు పదమూడు ఎకరాలు అలాగే ఉంచాం, వచ్చే ఏడాది వంతు మారుతుంది. దారి అంచులు ఇకనుంచి మార్చిలో కోయం. నవంబర్‌లో కెమెరా కార్డు తీస్తే, పొద్దున మంచులో ఓక్ గింజలు ఏరుకుంటూ గడ్డం పెట్ట ఉంది, కుచ్చు ఇంకొంచెం పొడవైంది, పక్కన దాని ఎత్తుకి దాదాపు సమానంగా మూడు.